కారు మీ పేరున, పాలసీ పాత యజమాని పేరున ఉంటే

ప్రశ్న: హైదరాబాదులో రిజిస్టరైన 1200 సీసీ పాత కారును రెండు నెలల కిందట కొన్నాను. ఆర్సీ నా పేరుమీదికి మారింది గాని, బీమా పాలసీ ఇంకా పాత యజమాని పేరునే ఉంది. వచ్చే నెలతో గడువు ముగుస్తుంది. హైదరాబాదు ఏజెంటు కంటే ఇక్కడి ఏజెంటు చాలా తక్కువ చెబుతూ, పాత యజమానికి ఉన్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు కలుపుతానంటున్నారు. జిల్లాను బట్టి ధర మారుతుందా? థర్డ్ పార్టీ (ఎదుటివారికి కలిగే నష్టానికి) బీమా ఒక్కటే చాలదా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: థర్డ్ పార్టీ ప్రీమియం జిల్లాను బట్టి గాని, కంపెనీని బట్టి గాని మారదు. దానిని కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు సొంత కారుకు అది ఏడాదికి రూ. 3,416, పన్ను అదనం. తేడా వచ్చేది సొంత వాహన నష్టానికి కట్టే భాగంలోనే. అక్కడ ప్రీమియం లెక్క కోసం చేసిన ప్రాంతాల విభజనలో హైదరాబాదు ‘ఎ’ జోన్‌లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలు ‘బి’ జోన్‌లో ఉన్నాయి. అయితే జోన్‌ను నిర్ణయించేది బండి రిజిస్టరైన చోటే గాని, మీరు పాలసీ తీసుకునే ఊరు కాదు.

కనుక ఇక్కడి ఏజెంటు చెప్పిన తక్కువ ధర ఊరి వల్ల వచ్చింది కాదు, ఆ బోనస్ వల్ల వచ్చింది. నో క్లెయిమ్ బోనస్ బండికి కాక యజమానికి చెందుతుంది కాబట్టి, అమ్మిన వారి బోనస్ మీకు రాదు. దానిని మీదిగా రాయించి పాలసీ తీసుకుంటే, రేపు ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టిన రోజున కంపెనీ ఆ తప్పుడు ప్రకటననే చూపి నిరాకరించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

నాకు ఇంతకంటే ఆందోళన కలిగిస్తున్నది గడిచిపోయిన ఈ రెండు నెలలు. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం, బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి బదిలీ అయినట్టే భావిస్తారు; కొన్నవారు మాత్రం 14 రోజుల్లోగా పేరు మార్పుకు కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. సొంత నష్టం భాగానికి ఆ వెసులుబాటు లేదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. అంటే, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఎదుటివారికి దెబ్బ తగిలితే కంపెనీ పరిహారం కడుతుంది, మీ కారు నుజ్జయితే మాత్రం ఆ ఖర్చు మీదే. ఆలస్యమైనా ఆర్సీ, అమ్మకం పత్రాలు జతచేసి, మిగిలిన నెల కోసమైనా ఈ వారమే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

థర్డ్ పార్టీ ఒక్కటీ ఉంటే, బండికి బీమా తప్పనిసరి చేసిన అదే చట్టం 146వ సెక్షన్‌కు సరిపోతుంది. అదీ లేకుండా నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు గాని, రూ. 2,000 జరిమానా గాని, రెండూ గాని ఉండవచ్చు. మీ కారు విలువ బాగా తగ్గిపోయి ఉంటే ఆ ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చు. అప్పు చేసి కొన్నదైతే మాత్రం పూర్తి పాలసీ తీసుకోవాలన్నదే నా సలహా. ధరలు పోల్చేటప్పుడు రెండు కొటేషన్లలోనూ బండికి కట్టిన బీమా విలువ ఒకటేనా, బోనస్ గడిలో సున్నా ఉందా అన్నది చూసుకున్న తర్వాతే డబ్బు కట్టండి.