ముఖానికి రంగు పూసుకోనివాడు మార్కులు వేయొచ్చా?

పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. పదేళ్లుగా నాటకాలు వేస్తున్నాను. ఈమధ్య ఒక పరిషత్తు పోటీల్లో మా నాటిక ప్రదర్శించాం. నాది తాగుడు మానలేని తండ్రి పాత్ర. జనం బాగా చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మాత్రం ‘నటన సహజంగా లేదు’ అని ఒక్క ముక్క రాసి మార్కులు కోసేశారు. ఆయన జన్మలో స్టేజీ ఎక్కలేదట. మీరు కూడా నటులు కారని విన్నాను, ఏమీ అనుకోకండి. చేయడం రానివాళ్లకు చేసేవాళ్ల మంచిచెడ్డలు చెప్పే హక్కు ఎక్కడిది?
– ఒక నటుడు

జవాబు: బాబూ, ఏమీ అనుకోను. నువ్వు విన్నది నిజమే. హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. ఇరవై రెండేళ్లుగా పరిషత్తులకు న్యాయనిర్ణేతగా వెళ్తున్నాను. ఏనాడూ ముఖానికి రంగు పూసుకోలేదు. కాబట్టి నీ ప్రశ్న నన్నే అడిగినట్టు తీసుకుని జవాబు చెబుతాను.

ముందు నాట్యశాస్త్రం రాసిన భరతుడి దగ్గరికి వెళ్దాం. నాటకాన్ని పరీక్షించి తీర్పు చెప్పేవాళ్లకు ఆయన పెట్టిన పేరు ప్రాశ్నికులు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో అలాంటివాళ్లను పదిమందిని చెప్పాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరికి తెలిసిన సంగతి వాళ్లు చూడాలి. బాణం ఎక్కుపెట్టినవాడు సరిగ్గా నిలబడ్డాడా లేదా అన్నది విలుకాడు చెబుతాడు. వేషం, రంగులు చిత్రకారుడి వంతు. శృంగార సన్నివేశం వేశ్య చూస్తుంది. అభినయం నర్తకుడు చూస్తాడు. అంటే పదిమందిలో అభినయం చేసి చూపించగలవాడు ఒక్కడే! మిగతావాళ్లను ఎందుకు కూర్చోబెట్టాడు? నాటకంలో కనిపించే బతుకు వాళ్లకు తెలుసు గనక.

ఈ లెక్కన నీ పాత్రకు అసలైన ప్రాశ్నికురాలు ఎవరో తెలుసా? తాగుబోతు మొగుడితో ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలు. తలుపు కొట్టే చప్పుడును బట్టే ఆయన ఎంత తాగొచ్చాడో చెప్పగలదు. ఆమెకు డైలాగు చెప్పడం రాకపోవచ్చు. కానీ నువ్వు తూలిన తూలుడు అబద్ధమని ఆమె అంటే నేను ఆమె మాటే నమ్ముతాను.

ఇది నాకు పుస్తకంలో కంటే ముందు ఒక షామియానా కింద తెలిసింది. నేను పరిషత్తులకు వెళ్లడం మొదలుపెట్టిన రెండో ఏడో మూడో ఏడో, ఒక ఊళ్లో సత్యహరిశ్చంద్ర ఆడుతున్నారు. కాటి సీను. బలిజేపల్లి వారి నాటకమే అయినా ఆ సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం మనవాళ్లకు అలవాటు కదా. హరిశ్చంద్ర వేసినతను చక్కటి గాత్రం ఉన్నవాడు. ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకుని, చివర రాగం తీస్తూ పైకి, ఇంకా పైకి వెళ్లాడు. హార్మోనిస్టు వైపు తిరిగి ఇంకొంచెం అన్నట్టు తలాడించాడు. జనం వన్స్ మోర్ అన్నారు. చిరునవ్వుతో దణ్ణం పెట్టి మళ్లీ అందుకున్నాడు. నేను కూడా పరవశించి గాత్రానికి, నటనకు రెండింటికీ నిండుగా మార్కులు వేశాను.

నాటకం అయ్యాక టీ తాగుతుంటే పక్కన షామియానాలు వేసే పెద్దాయన ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఏ నాటకం జరిగినా పందిరి ఆయనదే. గుంజలు కాపాడుకుంటూ ఓ పక్కన నిలబడి వందల నాటకాలు చూసిన మనిషి. ఎలా ఉందని అడిగాను. ‘పాట బాగుందయ్యా. ఆలినీ బిడ్డనీ అమ్ముకుని కాటికి కాపలా ఉన్నోడు గదా, వన్స్ మోర్ అంటే నవ్వుతాడేంది?’ అన్నాడు.

టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు పద్యం రాదు, శ్రుతి ఎంతో తెలియదు. పద్యాలు బోధించే నాకు వినపడనిది ఆయనకు కనపడింది. నేను పాట విన్నాను, ఆయన హరిశ్చంద్రుణ్ణి చూశాడు. ఆ రాత్రి మార్కుల కాగితాలు అప్పటికే ఇచ్చేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వెయ్యేళ్ల కిందటి సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంస అనే పుస్తకంలో ఈ రెండు శక్తులకూ వేరువేరు పేర్లు పెట్టాడు. రాసేవాడిది కారయిత్రీ ప్రతిభ, ఆస్వాదించి విచారించేవాడిది భావయిత్రీ ప్రతిభ. ఒక రాయి బంగారాన్ని ఇస్తుంది, దాన్ని పరీక్షించేది ఇంకో రాయి అన్న పోలిక కూడా అక్కడే ఉంది. మన గీటురాయి అన్నమాట. రెండోది కూడా ప్రతిభేనని ఆయన ఒప్పుకోవడం నాకు ముఖ్యం. ప్రతిభ అన్నాక సాధన తప్పదు. కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అది రాదు.

ఇక్కడ నీ కోపంలో ఉన్న న్యాయం కూడా చెప్పాలి. ఒక నాటికలో తల్లి పాత్ర వేసినావిడకు ‘ఉచ్చారణ స్పష్టంగా లేదు’ అని రాశాను. ఆవిడ ఆ రాత్రి ఏడ్చిందని తర్వాత తెలిసింది. జరిగిందేమిటంటే, స్టేజీకి ఎడమవైపు వేలాడదీసిన మైకు మధ్యలో పనిచేయడం మానేసింది. ఆవిడ మాటలన్నీ ఆ పక్కన వేసిన మంచం దగ్గరే. స్టేజీ ఎక్కినవాడైతే ఒక్క క్షణంలో పట్టేవాడు, ఎందుకంటే ఆ చోటికి వచ్చిన ప్రతివాళ్ల గొంతూ పడిపోయింది. నాకు తట్టలేదు. ఆ తర్వాత ఒక నాటక సమాజం వాళ్లను బతిమాలి నెలరోజులు రిహార్సల్స్‌లో ఓ మూల కూర్చున్నాను. ఎదుటివాడు మాట అందించడం ఆలస్యమైతే ఈ నటుడి ముఖం ఎలా పాడవుతుందో, లైటు అడుగు దూరం జరిగితే కన్నీళ్లు ఎందుకు కనపడవో అక్కడ నేర్చుకున్నాను. లోపం ఉందని ప్రేక్షకుడు కూడా చెప్పగలడు. అది ఎవరిది, ఎక్కణ్ణించి వచ్చింది అని చెప్పాలంటే పని జరిగే తీరు తెలియాలి. చేయడం రాకపోయినా ఫరవాలేదు, చేసేచోటికి వెళ్లి చూడకపోతే తప్పు.

అలాగని నటులందరూ మంచి న్యాయనిర్ణేతలవుతారని అనుకోకు. దుర్యోధనుడి పాత్రకు పేరుపడిన ఒకాయన పక్కన కూర్చుని మార్కులు వేశాను. కుర్రాడు మీసం మీద చెయ్యి వేయకుండా, గొంతు తగ్గించి పాచికలాటంత చల్లగా మాట్లాడాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఆయన మాత్రం ‘ఇది దుర్యోధనుడే కాదు’ అన్నారు. ఆయన మనసులో ఆయన దుర్యోధనుడే ఉన్నాడు, ఇంకొకడికి చోటు లేదు.

నీకు మార్కులు వేసినాయన తప్పు నటుడు కాకపోవడం కాదు. ‘నటన సహజంగా లేదు’ అని రాసి ఊరుకోవడం. ఏ రంగంలో? ఏ మాట దగ్గర? కూతురు కంచం విసిరేసినప్పుడా, నువ్వు సీసా దాచినప్పుడా? చోటు చెప్పలేనివాడు మార్కు కోయకూడదు. ఇది నేను నాకు పెట్టుకున్న నియమం. కోసిన ప్రతి మార్కు పక్కన రంగం, మాట రాసుకుంటాను. ఎవరైనా వచ్చి అడిగితే చూపిస్తాను. నువ్వు కూడా ఆయన్ని మర్యాదగా అడుగు. చెప్పగలిగితే విను. చెప్పలేకపోతే ఆ మార్కుల గురించి టెన్షన్ పెట్టుకోకు.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి కాలేజీలో నాటకాలు వేస్తాడు. చుట్టాలందరూ సూపర్ అంటారు. నాకేమో కొన్నిచోట్ల మనసు నిలవదు. నాటకాల గురించి ఏమీ తెలియనిదాన్ని, వాడికి చెప్పొచ్చా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: తప్పకుండా చెప్పండమ్మా. అన్నీ బాగున్నాయనేవాణ్ణి రాజశేఖరుడు సతృణాభ్యవహారి అన్నాడు, అంటే గడ్డితో సహా తినేసేవాడని. మీ వాడికి అలాంటివాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. బాగాలేదు అని మాత్రం అనకండి, మీకు తెలిసింది అది కాదు. మనసు ఎక్కడ పక్కకు వెళ్లిందో అదే చెప్పండి. ఏ మాట దగ్గర ఫోన్ తీసి చూశారో గుర్తుంటే అది కూడా చెప్పండి.