కెనడా టీఎఫ్ఎస్ఏ: మీ లెక్క మీరు దిగిన ఏడాది నుంచే

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి కెనడా వచ్చే మన పిల్లలు అందరూ టీఎఫ్ఎస్ఏ (టాక్స్ ఫ్రీ సేవింగ్స్ అకౌంట్, లోపల పెరిగిన డబ్బుకి పన్ను పడని ఖాతా) గురించి అడిగేది ఒకటే. "అన్నా, టీఎఫ్ఎస్ఏలో ఎంత వేసినా పన్ను ఉండదంట కదా?" పన్ను ఉండదన్న మాట నిజమే, ఎంతైనా వేయొచ్చన్నదే తప్పు.

ఈ ఖాతాలు 2009లో మొదలయ్యాయి. ఏటా ఇంతవరకే వేయాలని ఒక పరిమితి ఉంటుంది. అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లకి 2025 నాటికి ఆ పరిమితులన్నీ కలిపి 1,02,000 డాలర్లు అయింది, ఆ అంకె ఎక్కడో చూసి మనకీ అంతే అనుకుంటారు. కాదు. 18 నిండి, మీరు ఇక్కడ రెసిడెంట్ (పన్ను లెక్కల్లో కెనడా నివాసి) అయిన ఏడాది నుంచే మీ లెక్క. 2024 నవంబరులో దిగారనుకోండి, రెండు నెలలే ఉన్నా ఆ ఏడాది 7,000 పూర్తిగా మీదే, జనవరి రాగానే 2025కి ఇంకో 7,000. అంటే 14,000. ఇంటి దగ్గర నాన్నగారు పొలం అమ్మి పంపిన డబ్బు కదా, భద్రంగా ఉంటుందని 20,000 వేశారో, పైనున్న 6,000 మీద నెలకి ఒక శాతం, అంటే 60 డాలర్లు, తీసేదాకా కడుతూనే ఉండాలి. బ్యాంకువాళ్లు ఆపుతారులే అనుకోకండి, లెక్క చూసుకోవాల్సింది మీరే.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇంకోచోట. పరిమితి అంతా నింపేశాక మార్చిలో టికెట్లకని 3,000 తీసి, జూన్‌లో మళ్లీ వేసేస్తారు. తీసిన దానికి పన్ను లేదు, కానీ ఆ చోటు తిరిగొచ్చేది వచ్చే జనవరి 1నే, అందాకా ఆ 3,000 అదనం కిందే లెక్క.

పేరులో సేవింగ్స్ ఉందని ఉత్త వడ్డీకే వదిలేయకండి, జీఐసీలు (మన ఎఫ్‌డీల్లాంటివే), ఫండ్లు, షేర్లు కూడా అందులో పెట్టుకోవచ్చు. వేసినందుకు మాత్రం మన 80సీలా మినహాయింపు ఏమీ రాదు.

ఇక బరంపురం బ్యాంకులో ఉన్న ఎన్ఆర్ఈ డిపాజిట్ (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో పెట్టుకునేది) సంగతి. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడ చెప్పనక్కర్లేదని ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. కెనడా రెసిడెంట్ ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే. అలాగే ఇండియా తిరిగి వెళ్లిపోయాక టీఎఫ్ఎస్ఏ మూసేయక్కర్లేదు గానీ కొత్తగా ఒక్క డాలర్ కూడా వేయకండి, దానికీ అదే నెలకి ఒక శాతం.