మూగజీవాలకు ఆస్తిలో వాటా రాయాలంటే: మా పెద్దమ్మ వీలునామా అనుభవం

మీరు అడిగింది ఇది: పెళ్లి చేసుకోలేదు, సొంత ఫ్లాటు, కొన్ని డిపాజిట్లు ఉన్నాయి, మీ తర్వాత అందులో కొంత హైదరాబాద్‌లో జంతువులను చూసుకునే సంస్థకు చెందాలి. బ్యాంకులో నామినీగా ఆ సంస్థ పేరు రాస్తే సరిపోతుందా అని.

సరిపోదండీ. బ్యాంకు ఖాతాకు నామినీగా మనిషి పేరే రాయాలి, ట్రస్టు పేరో సొసైటీ పేరో రాయడం కుదరదు. పైగా నామినీ డబ్బు అందుకుంటాడే తప్ప అది అతనిదైపోదు. వీలునామా లేకపోతే చివరికి హక్కు వారసులదే. అందుకని వీలునామా రాయాల్సిందే.

పద్మారావునగర్‌లో ఉండే మా పెద్దమ్మ రిటైర్డ్ టీచరు. వీధికుక్కలకు రోజూ చికెన్ మెడలు ఉడికించి, అన్నంలో కలిపి పెట్టేది. తన డిపాజిట్లలో కొంత వాటి కోసం వాడాలని వీలునామా రాసి, దాన్ని అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా నన్ను పెట్టింది. డిపాజిట్లకు నామినీగా కూడా నన్నే రాసింది. ఇది చాలా తెలివైన పని. ఆమె పోయాక డబ్బు నా చేతికే వచ్చింది కాబట్టి వీలునామాలో ఉన్న ప్రకారం పంచగలిగాను. మీరు కూడా రెండింటికీ ఒకరినే పెట్టుకోండి. ఆ మనిషి మీకంటే వయసులో చిన్నవాళ్లై, జంతువులంటే నిజంగా ప్రేమ ఉన్నవాళ్లైతే మంచిది.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవడమే నయం. మీ సంతకంతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. వాళ్లు ఆ సంస్థకు సంబంధించినవాళ్లు కాకూడదు. పెద్దమ్మకు ఎప్పుడూ వైద్యం చేసే డాక్టరుగారే ఒక సాక్షి. మీరు హిందువులైతే స్వార్జితం ఎవరికైనా రాసుకోవచ్చు. ముస్లింలైతే వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతు వరకే. క్రైస్తవులకు దానధర్మాలకు రాసే విషయంలో పాత చట్టంలో ఒక అడ్డంకి ఉండేది, 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంత డబ్బు అని అంకె రాయకండి, ఇన్నో వంతు అని వాటా రాయండి. చివరి రోజుల్లో ఆసుపత్రి ఖర్చుల్లో డిపాజిట్లు ఎంత కరుగుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఫ్లాటు ఇవ్వాలనుకుంటే నేరుగా సంస్థ పేరున రాయకుండా, అమ్మి ఆ డబ్బు ఇమ్మని ఎగ్జిక్యూటర్‌కు రాయండి. షెల్టరుకు కావలసింది దాణా, మందులు, పనివాళ్ల జీతాలు. మెయింటెనెన్స్ బాకీలు, కోర్టు వాయిదాల వెంట తిరిగే తీరిక వాళ్లకు ఉండదు.

సంస్థ రిజిస్టరైన పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ నంబరు రాయాలి. అది మూతపడితే అదే పని చేసే మరో సంస్థను ఎగ్జిక్యూటర్ ఎంచుకోవచ్చనే వాక్యం కూడా చేర్చండి. 1992లో మొదలైన జూబ్లీహిల్స్ బ్లూ క్రాస్ అందరికీ తెలిసిందే. ఊరి శివార్లలో చిన్న షెల్టర్లు కూడా ఉన్నాయి. ఏదైనా సరే, ముందుగా చెప్పకుండా ఒక మామూలు రోజున వెళ్లి చూడండి. జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందా అడగండి, ఆడిట్ లెక్కలు చూపించమనండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన వీధికుక్కలను ఎక్కడ వదులుతున్నారో కూడా అడగండి. 2023 నిబంధనల ప్రకారం మామూలుగా పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. దీనికి సూటిగా జవాబు రాకపోతే నేనైతే వాళ్లకు రాయను.

మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దాని సంగతి విడిగా రాయాలి. మన చట్టంలో జంతువుకు ఆస్తి హక్కు లేదు, దాన్ని పెంచే మనిషికే రాయాలి. పెద్దమ్మ తన కుక్కను వాచ్‌మన్ కుటుంబానికి అప్పగించి, దాని తిండికి, మందులకు వాళ్ల పేరున కొంత డబ్బు రాసింది. ముందే వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే రాసింది.

పన్ను కోసం అయితే వీలునామాతో మీకు ఒరిగేదేమీ లేదు. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది కాబట్టి పోయేదీ లేదు. విరాళాలకు ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు (80జి అని పిలుస్తూ వచ్చింది) బతికుండగా ఇచ్చేవాటికే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. అయినా ఇప్పటి నుంచే ఏటా కొంత ఇస్తూ ఉండండి. ఆ డబ్బును వాళ్లు ఎలా వాడుతున్నారో మీ కళ్లతో చూస్తారు.

చుట్టాల మాటకొస్తే, దాచకండి. పెద్దమ్మ దసరాకు అందరూ ఇంట్లో ఉన్నప్పుడే చెప్పేసింది. "రక్తసంబంధం ఉండగా కుక్కలకా అక్కా?" అని మామయ్య నొచ్చుకున్నాడు. "నీ పిల్లలు సంపాదించుకుంటున్నారు. నేను పోతే వాటికి ఎవరు పెడతార్రా?" అంది. ఆయన కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. తర్వాత ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. ఆమె నోటితో ముందే విన్నారు కాబట్టే వెళ్లలేదని నా గట్టి నమ్మకం.

అసలు కాగితం లాకర్లో ఒక్కటే పెట్టి ఊరుకోకండి. లాకర్ తెరవడానికే మీ వాళ్లు తిరగాల్సి వస్తుంది. ఒక కాపీ ఎగ్జిక్యూటర్‌కు ఇచ్చి, అసలు ఎక్కడుందో చెప్పి ఉంచండి.