పేషెంటు బరువు మాత్రం చెప్పండి: బెంగళూరులో ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్ నడపడం

బెంగళూరులో ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్ పైలట్ పని ఎలా ఉంటుంది, రోజూ ఒకరి ప్రాణం కాపాడామన్న తృప్తి ఉంటుందా, మా తమ్ముడు అందులో చేరాలంటే ఏం చేయాలి అని అడిగారు. ఆరేళ్ళుగా నేను తింటున్నది ఆ కూడే కాబట్టి రాస్తున్నాను. మాది పుంగనూరు. ఆర్మీలో చీతా, చేతక్ హెలికాప్టర్లు నడిపి, బయటికొచ్చాక ఇక్కడే ఉండిపోయాను.

ముందు ఆ "రోజూ" అన్న మాట తీసేయండి. ఈ ఉద్యోగంలో ఎక్కువ భాగం కాచుక్కూర్చోవడమే. పొద్దున్నే జక్కూరు ఎయిర్‌ఫీల్డులో మా హ్యాంగర్‌కు వెళ్ళి హెలికాప్టర్ చుట్టూ తిరిగి చేత్తో తడిమి చూసుకుంటాను. ఇంజినీరు సంతకం, వాతావరణం రిపోర్టు చూస్తాను. డాక్టరూ నర్సూ వెంటిలేటర్ బ్యాటరీ, ఆక్సిజన్ సరిచూసుకుంటారు. అంతటితో తొమ్మిదవుతుంది. ఇక టీ. ఒక్క కాల్ కూడా రాని వారాలున్నాయి. మా ఆవిడ లెక్కలో నేను జీతం తీసుకుని పేపరు చదివే మనిషిని.

కాల్ వచ్చినా గాల్లోకి లేస్తామన్న నమ్మకం లేదు. మేం ఎగిరేది కంటిచూపు మీద, వీఎఫ్ఆర్ అంటారు. మన దేశంలో ఆ పద్ధతిలో పొద్దుగూకిన 20 నిమిషాల తర్వాత ఎగరడానికి లేదు. అర్ధరాత్రి యాక్సిడెంటైతే హెలికాప్టర్ ఎందుకు పంపరు అని కోప్పడేవాళ్ళకు నా జవాబు ఇదే. పగలైనా ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి. ప్రాణాపాయం కేసని ప్లాన్‌లో కోడ్ రాస్తే మనకు ముందు దారిస్తారు, నిజమే. కానీ బెంగళూరు ఆకాశం మెజెస్టిక్ బస్టాండులా ఉంటుంది. ఇటు యలహంక ఎయిర్‌ఫోర్స్, ఉత్తరాన దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు, దక్షిణాన హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు, మధ్యలో ఇరుక్కుని మా జక్కూరు. ఏరో ఇండియా విమానాల ప్రదర్శన జరిగే ఫిబ్రవరి అయితే ఇంక చెప్పక్కర్లేదు.

బయటివాళ్ళకు తోచని ఇబ్బంది ఇంకొకటుంది, ఎండ. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్‌లో 35 డిగ్రీలు కాసిందంటే గాలి పలచబడి, నేలమీద నిలబడ్డ హెలికాప్టర్‌కే 6,000 అడుగుల పైన ఉన్నట్టు ఉంటుంది. రెక్కలకు పట్టు చిక్కదు, ఇంజనుకు సత్తువ తగ్గుతుంది. అందుకని ప్రతి కిలో లెక్కే. పేషెంటు తాలూకు ముగ్గురు ఎక్కుతామంటే ఒక్కోసారి ఒక్కరికి కూడా చోటు లేదని చెప్పాల్సి వస్తుంది. "ఆయిల్ తగ్గించుకుని మమ్మల్ని ఎక్కించుకోవచ్చు గదా" అని ఒకాయన సలహా ఇచ్చాడు. రిజర్వులో బండి తోలే అలవాటున్న మనిషనుకుంటాను.

దిగడానికి ఇంకో బాధ. నగరంలో ఒక పెద్ద ఆస్పత్రి మిద్దె మీద తెల్ల శిలువలో ఎర్రటి హెచ్ అక్షరం చక్కగా వేసి ఉంది. పైనుంచి చూస్తే దాని మీద నీళ్ళ ట్యాంకులు. కాబట్టి జక్కూరులోనే దిగి, పేషెంటును రోడ్డు అంబులెన్స్‌కు మార్చి పంపుతాం. మదనపల్లె నుంచి జక్కూరుకు 30 నిమిషాలు, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటడానికి 25.

ఇప్పుడు అసలు సంగతి. పేషెంటు ఎవరు, ఏమైంది అన్నది నాకు చెప్పరు. చెప్పకూడదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు, బరువెంత, ఇంతే. ఈ కట్టుబాటు మేం కొత్తగా పెట్టుకున్నది కాదు. మ్యూనిచ్‌లో 1970లో, అమెరికాలో డెన్వర్‌లో 1972లో ఈ హెలికాప్టర్లు మొదలయ్యాయి. తర్వాత అమెరికాలో ప్రమాదాలు పెరిగాయి, 2008 మరీ ఘోరమైన ఏడాది. చీకట్లోకి, మబ్బుల్లోకి వెళ్ళి కూలినవి వాటిలో చాలా ఉన్నాయి. పసిబిడ్డ అని వింటే పైలట్ కంటికి మబ్బు పలచగానే కనిపిస్తుంది, మనిషన్నాక అంతే. అందుకే ఆ మాట చెవిన పడనివ్వరు. వెళ్ళాలంటే అందరూ సరే అనాలి. నర్సు ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలి, ఎందుకని నిలదీయకూడదు.

నా విషయంలో ఈ కట్టుబాటుకు రెండు కన్నాలుండేవి. ఒకటి తెలుగు. చింతామణి, ముళబాగిలు, మదనపల్లె, హిందూపురం, ఆ పక్క నుంచి ఎవరు ఫోన్ చేసినా తెలుగే. మా కోఆర్డినేటర్ అమ్మాయిది హుబ్బళ్ళి. అర్థంకాక "సార్, ఒక్క నిమిషం" అని ఫోన్ నాకిచ్చేది. రెండోది బరువు.

మూడేళ్ళ కింద, ఏప్రిల్ నెలాఖరు, సాయంత్రం నాలుగూ ఇరవై. మదనపల్లె నుంచి కాల్. చీటీలో 19 కిలోలు అని రాసి ఉంది. మా ఇంట్లో బియ్యం మూటే 26. ఇంక నాకు దాచిందేముంది?

లెక్క వేశాను. అనుమతులకు అరగంట. గాల్లో 110 కిలోమీటర్లు, అరగంట. స్ట్రెచర్ ఎక్కించి, పేషెంటుకు పెట్టిన గొట్టాలు సరిచేసి లేచేసరికి ఇరవై అయిదు నిమిషాలు, అదీ జనం మీద పడకుండా ఉంటే. తిరిగి రావడానికి అరగంట. అంటే ఆరుంపావు. ఆ రోజు పొద్దుగూకేది ఆరున్నరకు. చింతామణి వైపు మామిడి జల్లుల మబ్బు కుండ మీద కుండ పేర్చినట్టు పైకి లేస్తోంది. దాన్ని చుట్టి రావాలంటే ఉన్న పావుగంటా, ఆపైన రూలిచ్చే ఇరవై నిమిషాలూ పోతాయి.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. "సార్, మీది పుంగనూరంట గదా. మాది ఆ పక్కే సార్. ఎట్లైనా చేసి రాండి సార్. గ్రౌండులో టమాటా క్రేట్లన్నీ తీసేపించినాం."

క్రేట్ల సంగతి మేం చెప్పేదే. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు మా రెక్కల గాలికి గాలిపటాల్లా లేస్తాయి, ఒక్కటి తోక రెక్కకు తగిలినా మా పని అయిపోయినట్టే. ఫోన్ పట్టుకునే ఆ మనిషి అన్నీ తీయించేశాడు.

"కుదరదన్నా" అన్నాను. రోడ్డు మీద ఇప్పుడే బయల్దేరండి, హోస్కోటె దగ్గర మా అంబులెన్స్ ఎదురొస్తుంది, దారి పొడుగునా మా డాక్టర్ ఫోన్లో ఉంటారు అని చెప్పాను. ఆయన "సరే సార్" అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆరుంపావుకు బయటికొచ్చి చూశాను. తూర్పున మబ్బు విడిపోయింది. చినుకు కూడా పడలేదు. వెళ్ళి ఉంటే సరిగ్గా ఆ వేళకు దిగుతుండేవాణ్ణి. అదే చీటీ అదే వేళకు మళ్ళీ చేతికిచ్చినా కుదరదనే అంటాను. ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదు. బిడ్డ ఏమైందో మా నర్సుకు తెలుసు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, ఈ రోజు వరకూ.

ఆ మర్నాటి నుంచి ఫోన్ నాకివ్వడం మానేశారు. తెలుగు కాల్ వస్తే క్యాంటీన్ కుర్రాణ్ణి పిలుస్తారు, వాడిది కుప్పం. బరువు కూడా విడిగా చెప్పరు. పేషెంటు, సిబ్బంది, సామాను అన్నీ కలిపి ఒకే అంకె రాసిస్తారు.

తృప్తి అన్నారు. ఎగిరిన రోజుల్లో ఉంటుంది, కాదనను. అయితే అప్పుడు కూడా నా వెనక ఏం జరుగుతోందో నాకు పెద్దగా తెలియదు. ఆ రొదలో డాక్టర్‌కే స్టెతస్కోపు పనిచేయదు, అంతా మానిటర్ తెర మీద చూసుకుంటారు. నాకు హెడ్‌సెట్‌లో వినపడేది "ఇంకెంతసేపు" అన్న ఒక్క మాటే.

మీ తమ్ముడి సంగతి. ఇంటర్ ఎంపీసీ ఉంటే చాలు, 18 ఏళ్ళు నిండాలి, హెలికాప్టర్ కమర్షియల్ లైసెన్సుకు కనీసం 150 గంటలు ఎగరాలి. ఈ శిక్షణ విమానం నడిపే శిక్షణ కంటే చాలా ఖరీదు. లైసెన్సు రాగానే ఈ పని ఎవరూ ఇవ్వరు కూడా, నాలాంటి రిటైరైన ఫౌజీలు వేల గంటల లాగ్‌బుక్కులు పట్టుకుని వరసలో ఉంటారు. వీలైతే ఆర్మీ దారి చూడమనండి, నేర్పించి జీతమిస్తారు. సొంత డబ్బుతోనే అంటే అప్పు చేసేముందు మెడికల్ చేయించండి. ఫీజు కట్టాక రంగుల పరీక్షలో పోయిన కుర్రాణ్ణి నేనే చూశాను. ముందు క్లాస్ 2 మెడికల్, తర్వాత క్లాస్ 1. క్లాస్ 1 చేసే చోట్లలో ఒకటి ఇక్కడే ఉంది, పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో ఐఏఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్. అక్కడికి వెళ్ళే రోజు పొద్దున ఏమీ తినకుండా వెళ్ళమనండి, రక్తం తీస్తారు.