పెళ్ళిపందిట్లో తోడి

‘నిత్యజీవితంలో మీకు ఎదురైన చిన్న వయసు కళాకారుల్లో మీరు మనసారా మెచ్చుకున్నది ఎవరిని?’ అని అడిగారు. చిలకలూరిపేట దగ్గర ఒక పెళ్ళిలో సన్నాయి వాయించిన కుర్రవాడిని. పదహారేళ్ళు ఉంటాయేమో.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక. గట్టిమేళం మోగింది, తలంబ్రాలు అయ్యాయి, ఫొటోలు అయ్యాయి, జనం ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. మూడు గంటల వేళకి పందిట్లో పదిమందిమి మిగిలి ఉంటాం. డోలు వాయించే పెద్దాయన సంచి తలకింద పెట్టుకుని నడుం వాల్చాడు. అప్పుడు ఆ కుర్రవాడు సన్నాయి నోటి దగ్గరి పీక మార్చి, తడిపి, తనకోసం తాను తోడి రాగం ఆలాపన ఎత్తుకున్నాడు.

తోడికి ప్రాణం గాంధారం. ఆ స్వరం కదలకుండా నిలబడితే తోడి కాదు, ఊగుతూ ఉండాలి. సన్నాయికి వేళ్ళాడే రంధ్రాలు ఏడే. మిగిలినదంతా రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి బలం మార్చి రాబట్టుకోవలసిందే. అతను గాంధారం పట్టుకున్నాడు. నచ్చలేదు కాబోలు, ఆధార స్వరమైన షడ్జానికి దిగిపోయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ దిగాడు. నాలుగోసారో అయిదోసారో అది కుదిరింది. పెద్దాయన లేచి కూర్చున్నాడు. డోలు ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని ‘అదీ!’ అన్నాడు. నా ఒళ్ళు జలదరించింది.

సరిగ్గా అప్పుడే మగపెళ్ళివారి బంధువు ఒకాయన ఫోను పట్టుకుని వచ్చి, ‘బాబూ, అవన్నీ ఎందుకు, మంచి సినిమా పాట అందుకో, వీడియో తీస్తాను’ అన్నాడు. కుర్రవాడు మారుమాట లేకుండా పాట వాయించాడు. వీడియో తీసి ఆయన అన్న మాట: ‘ఈ వయసుకే ఎంత బాగా వాయిస్తున్నాడో!’

ఈ మాటంటే నాకు ఒళ్ళు మంట. అది మెచ్చుకోలు కాదు, వినలేదని ఒప్పుకోవడం. టీవీ పోటీల్లోనూ ఇదే వరస. పిల్ల పాట పూర్తి కాకముందే వయసు చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పసివాడుగా కచేరీలు చేశాడని అందరూ చెబుతారు. మెట్లున్న ఆ వాద్యంలో గమకాలు, అంటే స్వరాల ఊగులాట, పలికించాడని ఎందరు చెబుతారు? పెద్దవాళ్ళు అతని ముందు తలవంచింది వయసు చూసి కాదు, ఆ గమకాలు విని.

సన్నాయి విషయంలో మన నిర్లక్ష్యం మరీ ఎక్కువ. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన సన్నాయి విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. సన్నాయి వాయించే షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు గుళ్ళకూ పెళ్ళిళ్ళకూ సన్నాయి పట్టిన నేల ఇది. అలాంటిచోట ఇప్పుడు హారతి వేళ మోటారుతో తిరిగే డోలు యంత్రం మోగుతోంది. పెళ్ళిలో సౌండ్ బాక్సుల వాళ్ళకు ముందే బయానా ఇచ్చి, మేళంవాళ్ళ దగ్గర బేరమాడతారు.

నేను వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. ‘బాబూ, ఇందాకటి తోడి మళ్ళీ వాయిస్తావా?’ అన్నాను.

‘అది తోడి అని మీకు తెలుసా అండీ?’ అన్నాడు.

‘తెలుసు. గాంధారం చివరికి బాగా కుదిరింది.’

అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది. ‘ఇంకా కుదరలేదండీ. మా తాతగారు రోజూ గంటసేపు అదొక్కటే వాయించమంటారు. అయిదుసార్లలో ఒకసారి పలుకుతుంది.’

తన సంగీతంలో ఏది నిలిచిందో ఏది జారిందో అంత ఖచ్చితంగా తెలిసినవాడిని కుర్రవాడని ఎలా అనను? మళ్ళీ వాయించాడు. ఈసారి రెండోసారికే కుదిరింది. పెద్దాయన డోలు తగిలించుకుని పక్కకు వచ్చాడు. ఆ ఇద్దరూ తెల్లవారేదాకా వాయించారు, వంటవాళ్ళు కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి విన్నారు.

వాళ్ళ ఊరి గుడి ఉత్సవంలో రాత్రి ఊరేగింపుకు తానే వాయిస్తానని చెప్పాడు. తేదీ రాసుకున్నాను. బస్సుకు టికెట్టు కూడా తీసుకున్నాను.