కంబోడియా రాజధాని నాంపెన్ బజార్లలో ఏం తినాలి, ఎలా కొనాలి?

కంబోడియాలో రోజువారీ తిండి, బజారు గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది: పొద్దున్నే వెళ్లండి. చేపలు, ఆకుకూరలు తాజాగా దొరికేదీ, మంచి టిఫిన్లు ఉండేదీ అప్పుడే. బొగ్గుల మీద కాల్చిన పంది మాంసంతో అన్నం (బాయ్ సాచ్ చ్రూక్) చాలాచోట్ల మధ్యాహ్నానికి అయిపోతుంది. నాకు మాత్రం నోమ్ బన్ చోక్ అంటే ప్రాణం: సన్నటి బియ్యపు నూడుల్స్, వాటి మీద నిమ్మగడ్డి, పసుపు నూరి వండిన చేపల పులుసు, పైన అరటిపువ్వు తురుము, పచ్చి ఆకులు.

శాకాహారులు జాగ్రత్త. ఊరబెట్టిన చేపల ముద్ద ప్రహోక్, చేప సాస్ కూరగాయల వంటల్లోనూ పడతాయి. మాంసం వద్దంటే సరిపోదు, ఈ రెండూ వద్దని విడిగా చెప్పాలి.

అక్కడి డబ్బు రియెల్, అమెరికా డాలర్లూ చెల్లుతాయి, డాలరుకు సుమారు 4,000 రియెళ్లు. చిరిగిన డాలరు నోటు తీసుకోరు. చిల్లర రియెళ్లలోనే ఇస్తారు, వాటినే కూరగాయలకు వాడుకోండి.

1937లో కట్టిన ఫ్సార్ థ్మై (సెంట్రల్ మార్కెట్) చూడ్డానికి బాగుంటుంది, బట్టలు, బహుమతులకు అక్కడ బేరం తప్పనిసరి. సరుకులకైతే స్థానికులు వెళ్లే ఒరుస్సే బజారు మేలు. కంపోట్ ప్రాంతపు మిరియాలు కొంటే, అవి అక్కడివేనని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ) ముద్ర ఉన్న ప్యాకెట్టే తీసుకోండి.