పెట్టె ఒకటే, బొమ్మే వేరు

ప్రశ్న: పాత ప్లేస్టేషన్‌లో చాలా ఆటల్లో మనం కదిలినప్పుడల్లా గోడలు, నేల వంకర్లు పోతాయి. అదే పెట్టెలో క్రాష్ బాండికూట్ మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. తప్పు యంత్రానిదా, ఆట రాసినవాళ్లదా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: వంకర యంత్రానిదే. 1994లో వచ్చిన ఆ ప్లేస్టేషన్, వస్తువులను కట్టే త్రిభుజాల మీద టెక్స్‌చర్ (ఉపరితలంపై పరిచే బొమ్మ) అంటించేటప్పుడు లోతును లెక్కలోకి తీసుకోదు. అందుకే కెమెరాకు దగ్గరున్న పెద్ద త్రిభుజంలో గళ్లు వంగిపోతాయి. మూలల స్థానాలను పూర్తి పిక్సెల్‌కు సర్దేస్తుంది కాబట్టి అంచులు వణుకుతాయి. ఒక్కో పిక్సెల్ ఎంత లోతులో ఉందో గుర్తుంచుకునే జడ్-బఫర్ కూడా లేదు. ఏది ముందో ఏది వెనకో వరస పేర్చుకునే చాకిరీ ప్రోగ్రామ్‌దే.

మామూలు మందు, దగ్గరికొచ్చిన పెద్ద త్రిభుజాన్ని నాలుగు ముక్కలు చేయడం. ముక్క చిన్నదైతే వంపు తెలియదు. అలాగని కనబడ్డవన్నీ కోస్తే లెక్క పెరిగి ఆట నత్తనడక నడుస్తుంది. ఎంత దూరంలో ఉన్నవాటిని కోయాలి, ఎక్కడ ఆపాలి అన్నదాంట్లోనే రాసేవాడి పనితనం తెలుస్తుంది.

1996లో క్రాష్ చేసిన నాటీ డాగ్ బృందం ఇంకో దారి పట్టింది. ఆ ఆటలో కెమెరా, ముందుగా గీసిపెట్టిన దారిలోనే నడుస్తుంది. కాబట్టి ఏ చోట నుంచి ఏ త్రిభుజాలు కనిపిస్తాయో, ఏ వరసలో గీయాలో ముందే పెద్ద కంప్యూటర్ల మీద లెక్కగట్టి డిస్కులో పెట్టేశారు. ఆటలోని హీరో క్రాష్ ఒంటికి చాలా మేరకు టెక్స్‌చరే లేదు, రంగు పూతే. ఇక వంగడానికేముంది? పెట్టెలో ప్రధాన మెమరీ 2 ఎంబీలే. అందుకని లెవెల్‌ను 64 కేబీ ముక్కలుగా విడగొట్టి, ఆట నడుస్తుండగానే డిస్కు నుంచి తెచ్చుకున్నారు. సెకనుకు 300 కేబీ చదివే డ్రైవుకు ఒక్కో ముక్క చదవడానికి దాదాపు 0.2 సెకను. బదులుగా ఆటగాడు వదులుకున్నది తిరిగే స్వేచ్ఛ. బేరం గిట్టుబాటైనదే.

ప్రశ్న: ప్లేస్టేషన్ కాలపు సెగా సాటర్న్ ఆటపెట్టెలో రెండు ప్రాసెసర్లున్నాయి కదా, వేగం రెట్టింపు కాలేదెందుకు? (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: ఎస్‌హెచ్-2 అనే ఆ రెండు ప్రాసెసర్లకూ మెమరీకి వెళ్లే దారి ఒక్కటే. ఒకటి మెమరీలో ఉంటే రెండోది గుమ్మం దగ్గర నిలబడాలి. ఒక్కోదానికి సొంత క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీ) 4 కేబీ. అందులో ఇమిడే చిన్న లూప్ (మళ్లీమళ్లీ తిరిగే లెక్క) రెండోదానికి అప్పగిస్తేనే లాభం. ఆ పంపకం తెలియని ఆటల్లో రెండో చిప్ ఎక్కువసేపు ఖాళీయే.

ప్రశ్న: ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో చేసిన నా చిన్న ఆట ఫోన్‌లో తడబడుతోంది. ఎక్కడ వెతకాలి? (హైదరాబాద్ విద్యార్థి)

జవాబు: కంప్యూటర్‌లోని యూనిటీ ఎడిటర్‌లో చూసి తేల్చుకోకండి, ఫోన్‌లోనే కొలవండి. సెకనుకు 60 ఫ్రేములంటే (తెరమీద గీసే బొమ్మలు) ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. రిజల్యూషన్‌ను పొడవు, వెడల్పుల్లో సగానికి తగ్గించి చూడండి. వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు. పొగ, దుమ్ము లాంటి పారదర్శక పొరలు ఒకదానిమీదొకటి పడకుండా తగ్గించండి. పెరగలేదంటే అనుమానం మీ కోడ్ మీదే. 40 మంది శత్రువులు ప్రతి ఫ్రేములోనూ దారి వెతుకుతుంటే, ఫ్రేముకు పదిమంది చొప్పున వంతులు వేయండి.

మిగతా సమయం బాగుండి, మధ్యమధ్యలో మాత్రమే ఒక కుదుపు వస్తుంటే, అది చాలాసార్లు ఆట వాడి వదిలేసిన మెమరీని యూనిటీ ఊడ్చే పని. తూటాలను పేల్చిన ప్రతిసారీ కొత్తగా సృష్టించకుండా, మొదట్లోనే ఓ 50 తయారుచేసి వాటినే తిప్పి వాడండి. కాసేపు ఆడాక ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంటే 30 ఫ్రేములకు కట్టేయండి. ఎగుడుదిగుడు 60 కన్నా నిలకడైన 30 చేతికి హాయిగా ఉంటుంది.